కాలికి కావాలి, కంటికి వద్దు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నాకు 63 ఏళ్లు. టీచరుగా చేసి రిటైరయ్యాను. షుగరు 17 ఏళ్లుగా ఉంది. కుడికాలి బొటనవేలి కింద పుండు పడి మూడు నెలలైంది. ఇక్కడి సర్జన్ గారు రోజూ పూయమని ఒక జెల్ రాశారు. 'ఇందులో గ్రోత్ ఫ్యాక్టర్ ఉంది, కొత్త రక్తనాళాలు పుట్టి కండ పడుతుంది' అన్నారు. అదే నెలలో హైదరాబాద్‌లో కంటి డాక్టరు ఎడమ కంట్లో సూది వేశారు. ఎందుకని అడిగితే 'కొత్త రక్తనాళాలు పుడుతున్నాయి, వాటిని ఆపాలి' అన్నారు. ఒకే మనిషికి ఒకచోట పుట్టించుడేంది, ఇంకోచోట ఆపుడేంది? ఇద్దరిలో ఎవరో ఒకరు పొరపడ్డారా? కంట్లో వేసిన మందు కాలి పుండును మాననీయదేమోనని టెన్షన్‌గా ఉంది.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: సార్, ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. మీ ఉత్తరం చదవగానే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. కనగల్ దగ్గర మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉండేది. వానలు ముఖం చాటేసిన ఏడాది చెట్లు ఆకు ముడుచుకోగానే నాన్న బోరు లారీకి కబురు పెట్టేవాడు. అట్లా మొత్తం తొమ్మిది బోర్లు వేయించాడు. రెండింట్లో నీళ్లు పడ్డాయి. మిగతా ఏడింట్లో దుమ్ము లేచింది, ఇంటికి అప్పు మిగిలింది. ఒక బోరుకైతే కేసింగ్ సరిగ్గా దించకపోవడంతో మట్టి కూలి పూడిపోయింది. తోటకు దాహం వేసిన మాట నిజం, లారీని పిలవడమూ తప్పు కాదు. బోరు ఎక్కడ పడింది, కేసింగ్ దిగిందా లేదా అన్నదే తేడా. మీ కాల్లో, కంట్లో ఉన్న తేడా కూడా అదే.

ఒంట్లో దాహమంటే ఆక్సిజన్ కోసం పడే దాహం. ఏ కణమైనా బతకాలంటే దానికి 100, మహా అయితే 200 మైక్రాన్ల దూరంలో ఒక సన్నటి రక్తనాళం ఉండాలి. అంటే ఒకటి రెండు వెంట్రుకల మందం. అంతకంటే దూరమైతే ఆక్సిజన్ అందదు. అప్పుడు కణం ఊరికే కూర్చుని చావదు, కబురు పెడుతుంది. ప్రతి కణంలోనూ హెచ్ఐఎఫ్ అనే ప్రోటీన్ ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నంతసేపూ కణం దానికి ఒక గుర్తు వేసి, ఎప్పటికప్పుడు ముక్కలు చేసి పారేస్తుంది. ఆక్సిజన్ తగ్గిందంటే ఆ గుర్తు పడదు. ప్రోటీన్ బతికిపోయి కణ కేంద్రకంలోకి వెళ్లి కొన్ని జన్యువులను లేపుతుంది. వాటిలో ముఖ్యమైనది వీఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను, అంటే కణాలను పెరగమని చెప్పే ప్రోటీన్‌ను, తయారు చేసే జన్యువు. కణం ఆక్సిజన్‌ను ఇట్లా పసిగడుతుందని తేల్చినందుకే 2019లో విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు నోబెల్ వచ్చింది.

ఆ వీఈజీఎఫ్ బయటికి ఊరి, దగ్గర్లోని రక్తనాళం లోపలి పొర కణాలకు తగులుతుంది. అక్కడి నుంచి కొత్త కొమ్మ మొలుస్తుంది. కాలైనా కన్నైనా వెళ్లే కబురు ఇదే.

ముందు కాలి సంగతి చూద్దాం. దెబ్బ తగలగానే మొదట చేరేవి ప్లేట్‌లెట్లు. నెత్తురు గడ్డ కట్టించడంతోనే వాటి పని అయిపోదు. అవి తమ సంచుల్లోంచి పీడీజీఎఫ్ లాంటి గ్రోత్ ఫ్యాక్టర్లను వదులుతాయి. తర్వాత వచ్చే మాక్రోఫేజ్‌లు అనే తెల్లకణాలు చెత్తను మింగుతూ మరిన్ని కబుర్లు పంపుతాయి. నాలుగైదు రోజులకు పుండు అడుగున ఎర్రగా, గింజలు గింజలుగా, తడితడిగా కండ కనిపిస్తుంది. ఆ ఎరుపంతా కొత్త రక్తనాళాలదే. దూది తగిలినా నెత్తురు చిమ్ముతుంది. నెత్తురు చూసి మనుషులు జడుసుకుంటారు గానీ, డ్రెస్సింగ్ విప్పినప్పుడు ఆ రంగు కనిపిస్తే నాకు ఆ రోజు అన్నం రుచిగా ఉంటుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొత్తగా డాక్టరైన రోజుల్లో ప్రతి పుండు మీదా రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసేదాన్ని. బుసబుస పొంగితే పేషెంటుకూ తృప్తి, నాకూ తృప్తి. అది క్రిములతో పాటు అప్పుడే మొలుస్తున్న ఆ కొత్త కణాలను కూడా కాల్చేస్తుందని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఎంతమంది పుండ్లు నా చేతి మీదుగా ఇంకో వారం ఎక్కువ ఉండిపోయాయో. మీ ఇంట్లో ఆ సీసా ఉంటే పుండు మీద మాత్రం పోయకండి. పసుపు, సున్నం, జిల్లేడు పాలు కూడా వద్దు.

షుగరున్న వాళ్ల పుండులో కబురు సరిగ్గా వెళ్లదు. చక్కెర ఎక్కువగా ఉంటే హెచ్ఐఎఫ్ నిలవదు. మాక్రోఫేజ్‌లు మంట దశలోనే ఇరుక్కుపోయి బాగుచేసే దశకు రావు. పైగా మానని పుండులో ప్రోటీన్లను కొరికే ఎంజైములు ఎక్కువగా ఊరి, వచ్చిన కాస్త గ్రోత్ ఫ్యాక్టర్‌నూ నమిలేస్తాయి. అందుకే దాన్ని బయటి నుంచి పూద్దామన్న ఆలోచన పుట్టింది. పీడీజీఎఫ్ ఉన్న బెకాప్లెర్మిన్ జెల్‌కు 1997లో అమెరికాలో షుగరు పుండ్ల కోసం అనుమతి ఇచ్చారు. మన దగ్గర హైదరాబాద్ కంపెనీ భారత్ బయోటెక్ తయారు చేసే ఈజీఎఫ్ జెల్ ఉంది. ఈ రెండూ ఒకటి కావు. ఈజీఎఫ్ ముఖ్యంగా పై చర్మం కణాలను పెంచుతుంది. మీకు రాసింది ఏదో మీరు చెప్పలేదు. ట్యూబు మీద చదివి చూసుకోండి.

ఏ జెల్ అయినా సరే, విత్తనమే. రాళ్ల మీద చల్లితే మొలవదు. పుండులో చచ్చిన కండ, చీము ఉంటే ముందు వాటిని తీసేయాలి. పాదం పైన నాడి కొట్టుకుంటోందో లేదో చూడాలి, అందకపోతే నెత్తురు పారేది చూసే డాప్లర్ స్కాన్ చేయించాలి. పైన తొడ దగ్గరో మోకాలి దగ్గరో పెద్ద ధమని మూసుకుపోయి ఉంటే జెల్ ఎన్ని ట్యూబులు పూసినా వృథా. మెయిన్ కాలువకు గండి పడితే మడిలో పిల్లకాలువలు తీసి ఏం చేస్తాం? ఇంకోటి, మీ పుండు బొటనవేలి కింద ఉందన్నారు. అడుగు వేసినప్పుడల్లా బరువంతా పడేది అక్కడే. షుగరుతో స్పర్శ పోయి ఉంటుంది కాబట్టి నొప్పి తెలియదు. రోజూ పొద్దున జెల్ రాసుకుని సాయంత్రం బజారుకు నడిచి వస్తున్నారా? అట్లయితే పొద్దున మొలిచిన దాన్ని సాయంత్రం తొక్కేస్తున్నట్టే. ఆ చోట బరువు పడకుండా ప్రత్యేకమైన చెప్పో, పాదానికి కట్టో వేయించమని మీ సర్జన్ గారిని అడగండి. నా లెక్కలో జెల్ కంటే ఇది ముఖ్యం.

ఇక కన్ను. ఇన్నేళ్ల షుగరుతో మీ రెటీనాలో, అంటే కంటి వెనక ఉండే తెరలో, సన్న నాళాలు చాలావరకు మూసుకుపోయి ఉంటాయి. ఆకలితో ఉన్న రెటీనా అదే కబురు పంపుతుంది, అదే వీఈజీఎఫ్ ఊరుతుంది. షుగరుతో కొత్త నాళాలు పుడుతున్న కళ్లలోని ద్రవంలో ఇది బాగా ఎక్కువగా ఉందని 1994లోనే చూపించారు. కానీ ఇక్కడ నాళాలు కావలసిన చోట మొలవవు. రెటీనా ఉపరితలం మీదికి, కంటిలోపలి జెల్లీలోకి పాకుతాయి. వాటికి గట్టి గోడ ఉండదు. కేసింగ్ లేని బోర్లన్నమాట. కారతాయి, తెగుతాయి, కంట్లో నెత్తురు నిండుతుంది. తర్వాత అవి మచ్చకట్టి బిగుసుకుంటే రెటీనాను గోడ నుంచి ఊడదీస్తాయి. కాలి పుండులో ఎర్ర కండ అడుగు నుంచి నిండితే పుండు మానుతుంది. కంట్లో అట్లా నిండాల్సిన ఖాళీ లేదు, ఉన్నదల్లా చూపు.

కంట్లో వేసిన సూది మందు ఆ వీఈజీఎఫ్‌ను పట్టుకుని కబురు చేరకుండా చేస్తుంది. మీ డాక్టరు గారు లేజర్ చేయాలని కూడా అనవచ్చు. అది విని భయపడకండి. అంచుల్లో ఆకలితో ఉన్న రెటీనాను అక్కడక్కడా కాల్చేస్తారు, మధ్యలో చూపు నిలబడుతుంది. యాసంగిలో బాయి నీళ్లు చాలకపోతే సగం మడి బీడు పెట్టి మిగతా సగం పండించుకుంటాం కదా, అట్లా.

మీ అసలు భయం కంటి మందు కాలికి దిగుతుందేమోనని. మీకు వేసింది బెవాసిజుమాబ్ అనుకుందాం. కంట్లో వేసేది 0.05 మి.లీ., అందులో మందు 1.25 మి.గ్రా. ఇదే మందును పెద్దపేగు క్యాన్సర్‌కు సెలైన్‌లో ఎక్కించేటప్పుడు కిలో బరువుకు 5 మి.గ్రా. చొప్పున వేస్తారు, అంటే 60 కిలోల మనిషికి 300 మి.గ్రా. మీ డోసు దానిలో 240వ వంతు. కొంచెం రక్తంలో కలుస్తుంది గానీ, అంత తక్కువకు భయపడి కన్ను పోగొట్టుకోవద్దు. చేయాల్సింది ఒకటే: పుండు ఉందని కంటి డాక్టరుకు, సూది వేయించుకున్నానని సర్జన్‌కు చెప్పండి. ఈ మధ్య గుండెపోటో పక్షవాతమో వచ్చి ఉంటే అది కూడా కంటి డాక్టరుకు చెప్పాలి. సూది ప్రభావం సుమారు నెల రోజులే. మళ్లీ రమ్మంటే వెళ్లండి, చూపు బాగానే ఉంది కదా అని మానేయకండి.

ప్రశ్న: మేడం, నేను డిగ్రీలో జువాలజీ చదువుతున్నాను. పాఠంలో 'గ్రోత్ ఫ్యాక్టర్ల ప్రేరణతో కొత్త రక్తనాళాలు ఏర్పడతాయి' అని ఒక్క లైనే ఉంది. ఉన్న గొట్టం పక్క నుంచి ఇంకో గొట్టం ఎట్లా మొలుస్తుంది? ఎటు వెళ్లాలో దానికి ఎవరు చెప్తారు? మా సార్‌ను అడిగితే 'సిలబస్‌లో లేదు' అన్నారు.
– ఒక విద్యార్థిని, వనపర్తి

జవాబు: బిడ్డా, సిలబస్‌లో లేనిది అడిగావు చూడు, అందుకే నీ ఉత్తరం పైకి తీశాను.

మామూలు రోజుల్లో రక్తనాళం లోపలి పొర కణాలు చాలా బద్ధకస్తులు. ఏళ్ల తరబడి విడిపోకుండా, కదలకుండా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వీఈజీఎఫ్ వచ్చి వాటి మీదున్న గ్రాహకానికి తగలగానే నిద్ర లేస్తాయి. మొదట నాళం కాస్త వదులై కారడం మొదలుపెడుతుంది. ఈ కారడం చిన్న విషయం కాదు, ఈ ప్రోటీన్ మొదట దొరికిందే ఆ గుణంతో. 1983లో డొనాల్డ్ సెంగర్, హెరాల్డ్ డ్వోరాక్‌ల బృందం కణితి ద్రవంలో రక్తనాళాలను కారేట్టు చేసే ప్రోటీన్‌ను పట్టుకుంది. 1989లో నెపోలియోన్ ఫెరారా నాళాల కణాలను పెంచే ప్రోటీన్‌ను విడదీసి వీఈజీఎఫ్ అన్నాడు. తీరా చూస్తే రెండూ ఒకటే. ఒకే మనిషిని రెండు ఊళ్లలో రెండు పేర్లతో పిలిచినట్టయింది.

తర్వాత కణాలు తమ కింద ఉన్న పలచటి పొరను, చుట్టూ ఉన్న గుజ్జును ఎంజైములతో కోసి దారి చేస్తాయి. అన్నీ ఒకేసారి బయల్దేరితే నాళమే చెదిరిపోతుంది కదా. ఇక్కడే నాకు చాలా ఇష్టమైన ముచ్చట ఉంది. మీ పాలమూరు నుంచి గుంపులు పనికి పోయేటప్పుడు ముందు మేస్త్రీ ఒక్కడే పోయి పని చూసి వస్తాడని విన్నావా? ఇక్కడా అంతే. వీఈజీఎఫ్ ఎక్కువ తగిలిన కణం మేస్త్రీ అవుతుంది. అది తన ఒంటి మీద డీఎల్ఎల్4 అనే ప్రోటీన్‌ను పెంచి, పక్క కణాల మీదున్న నాచ్ అనే గ్రాహకాన్ని తడుతుంది. 'నేను పోతున్నా, మీరు వెనకాల రండి' అని చెప్పినట్టు. నాచ్ తట్టిన కణాల్లో వీఈజీఎఫ్ వినే శక్తి తగ్గిపోతుంది, అవి ఇంకో మేస్త్రీ కాలేవు. వెనక నిలబడి విడిపోతూ గొట్టాన్ని పొడుగు చేస్తాయి.

ఎటు వెళ్లాలో ఎవరు చెప్తారని అడిగావు. మేస్త్రీ కణం ముందుభాగం నుంచి వేళ్ల లాంటి సన్నటి పోగులు చాస్తుంది. ఏ పోగుకు వీఈజీఎఫ్ చిక్కగా తగిలితే కణం అటు జరుగుతుంది. వాసన పట్టుకుని వంటింటి వైపు నడిచే పిల్లవాడిలాగా. అవతలి నుంచి వచ్చే ఇంకో మేస్త్రీ ఎదురైతే రెండూ చేతులు కలుపుతాయి. వెనక గొట్టం బోలు అవుతుంది, నెత్తురు పారుతుంది. ఆక్సిజన్ రాగానే ఆ చుట్టుపక్కల హెచ్ఐఎఫ్ మళ్లీ చెత్తలోకి పోతుంది, వీఈజీఎఫ్ తగ్గుతుంది, పని ఆగుతుంది. ఎవరూ 'ఇక చాలు' అని అరవనక్కర్లేదు.

పైన సార్‌కు కేసింగ్ అన్నాను కదా, దాని పేరు పెరిసైట్. కొత్త నాళం పీడీజీఎఫ్ ఊరించి ఈ కణాలను తన చుట్టూ పిలుచుకుంటుంది. అవి వచ్చి కావలించుకుని యాంజియోపొయిటిన్-1 అనే ఇంకో కారకాన్ని ఇస్తాయి. దాంతో లోపలి కణాలు మళ్లీ బద్ధకంగా స్థిరపడతాయి, కారడం ఆగుతుంది. నెత్తురు పారని కొమ్మలు రాలిపోతాయి. పరీక్షలో గ్రోత్ ఫ్యాక్టర్లు అనగానే వీఈజీఎఫ్ ఒక్కటే రాసి ఊరుకుంటారు చాలామంది. అది మొదలుపెట్టే మేస్త్రీకి కూలి మాత్రమే. ముగించేవాళ్లు లేకపోతే ఇల్లు మొండిగోడలతో ఆగుతుంది.

డోసు ఎంత ముఖ్యమో నీకొక సంగతి. 1996లో ఎలుకల్లో వీఈజీఎఫ్ జన్యువుకున్న రెండు ప్రతుల్లో ఒక్కటి తీసేస్తే, రెండోది బాగానే ఉన్నా పిండం కడుపులోనే చనిపోయింది. సగం ఉన్నా చాలలేదన్నమాట. మీ సార్‌కు ఈ ముక్క చెప్పు, మురిసిపోతారు.

ప్రశ్న: మా అన్నకు 38 ఏళ్లు. పుణేలో బిల్డింగ్ పనికి పోతాడు. రోజుకు రెండు కట్టల బీడీలు. నాలుగు నెలల నుంచి వంద అడుగులు వేస్తే పిక్కలు పట్టేస్తున్నాయట, నిలబడితే తగ్గుతుందట. ఫోన్‌లో ఒక వీడియో చూశాం. గ్రోత్ ఫ్యాక్టర్ పొడి పాలలో కలిపి తాగితే కాల్లో సహజంగా బైపాస్ నాళాలు పుడతాయట. నెలకు 4,800 రూపాయలు. కొనమంటారా?
– ఒక చెల్లెలు, మక్తల్ దగ్గరి పల్లె

జవాబు: కొనకమ్మా. గ్రోత్ ఫ్యాక్టర్లు ప్రోటీన్లు. తాగితే కడుపులో పప్పు అరిగినట్టే అరుగుతాయి. ఆ డబ్బుతో మీ అన్నకు బస్ టికెట్ కొని ఇంటికి రప్పించండి.

ఈ ఆశ మోసగాళ్లకే కాదు, పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకూ ఉండేది. మూసుకుపోయిన గుండె నాళాలకు, కాళ్లకు వీఈజీఎఫ్ గానీ ఎఫ్‌జీఎఫ్ అనే ఇంకో కారకం గానీ ఇచ్చి కొత్త దారులు తీద్దామనుకున్నారు. మొదట కొద్దిమందిలో బాగా పనిచేసినట్టు కనిపించింది. గుండెకు వీఈజీఎఫ్ ఎక్కించిన పరీక్షలో 60 రోజులకు చూస్తే మందు తీసుకున్నవాళ్లూ, ఉత్తి నీళ్లలాంటి ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లూ ఒకేలా మెరుగయ్యారు. కాళ్లకు ఎఫ్‌జీఎఫ్ జన్యువును సూదిగా ఇచ్చిన పెద్ద పరీక్ష ఫలితం 2011లో వచ్చింది. 525 మందిని తీసుకున్నారు. కాలు తీసేయాల్సి రావడంలో గానీ చావులో గానీ తేడా లేదు. పిలుపు ఒక్కటే పంపితే సన్నటి, కారే నాళాలు పుడతాయి. కాలు మొత్తాన్ని బతికించే వెడల్పైన నాళం అట్లా తయారు కాదు.

మరి సహజ బైపాస్ అబద్ధమా అంటే కాదు. పెద్ద నాళం మూసుకుపోతే పక్కన ముందే ఉన్న సన్న ధమనుల్లోకి నెత్తురు మళ్లుతుంది. ఆ ఒరిపిడికి వాటి గోడ పెరిగి వెడల్పవుతాయి. వాటిని పెంచే మార్గం నడకే. నొప్పి వచ్చేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్లీ నడవాలి. ఒక్కోసారి 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం మూడు రోజులు, 12 వారాలు. నడిచే కండరం వీఈజీఎఫ్‌ను తనంతట తానే ఊరిస్తుంది. దానికి నెలకు 4,800 అడగదు.

కానీ నడకకు ముందు డాక్టరు చూడాలి. 38 ఏళ్ల వయసు, రెండు కట్టల బీడీలు అంటే నాకు బ్యూర్గర్ జబ్బు అనుమానం వస్తోంది. లియో బ్యూర్గర్ 1908లో దాని గురించి రాశాడు. పొగాకుతో కాళ్లు చేతుల సన్న ధమనులు వాచి, గడ్డలు కట్టి మూసుకుపోతాయి. ఇందులో బీడీ పూర్తిగా మానడం తప్ప అసలు మందు లేదు. తగ్గించడం కాదు, మానడం. రోజుకు రెండు తాగినా జబ్బు రగులుతూనే ఉంటుంది. రాత్రి పడుకున్నా వేళ్లు మండుతున్నా, వేలు నల్లబడినా, చిన్న పుండు పడినా పుణే నుంచి వచ్చేదాకా ఆగొద్దు, అక్కడే రక్తనాళాల సర్జన్ దగ్గరికి పొమ్మని ఈ రాత్రే ఫోన్ చేయండి. పాలమూరు నుంచి పోయిన వాళ్లు నొప్పిని 'పని అలసట' అని దాచుకుంటారు. మా వార్డుల్లో కాలు పోయాక ఆ మాట చెప్పినవాళ్లను చాలామందిని చూశాను.

ప్రశ్న: మా అమ్మకు పెద్దపేగు క్యాన్సర్. కీమోతో పాటు 'కణితికి రక్తనాళాలు రాకుండా' అని ఒక మందు సెలైన్‌లో ఎక్కిస్తున్నారు. ఇప్పుడు ఆపరేషన్ అన్నారు, కానీ ఆ మందు ఆపి నెల రోజులు ఆగాలట. అంతలో జబ్బు పెరగదా? కావాలనే లేటు చేస్తున్నారా? ఇంకోటి, అమ్మ పాదానికి చిన్న పుండు ఉంది, మా బావ వాడే గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ పూయవచ్చా?
– మిర్యాలగూడ పాఠకురాలు

జవాబు: లేటు కోసం లేటు కాదమ్మా. ఆ మందు వీఈజీఎఫ్‌ను కట్టేస్తుంది. కట్టేసి ఉండగా కడుపు కోస్తే ఆ కోత మానడానికి కావలసిన నాళాలు కూడా రావు. కుట్లు విడిపోవచ్చు, నెత్తురు కారవచ్చు. అందుకే ఆపరేషన్‌కు ముందు కనీసం 28 రోజులు ఆపుతారు. తర్వాత కూడా 28 రోజులు దాటి, కోత పూర్తిగా మానాకే మళ్లీ మొదలుపెడతారు.

కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే సొంత రక్తనాళాలు తెచ్చుకోవాలని 1971లో జూడా ఫోక్‌మన్ అనే అమెరికా సర్జన్ రాశాడు. చాలామంది నవ్వారు. కణితి ఎర్రగా ఉండేది వాపు వల్లే అనుకునేవారు అప్పుడు. నాలాంటి కత్తి పట్టే మనిషి ల్యాబులో ఏం కనిపెడతాడులే అన్న చిన్నచూపు కూడా ఉండి ఉంటుందని నా అనుమానం. ఆయన ఆలోచన మీద వచ్చిన మొదటి మందు బెవాసిజుమాబ్‌కు 2004లో అనుమతి దొరికింది. పెద్దపేగు క్యాన్సర్ పాకినవాళ్లలో కీమో ఒక్కటే ఇస్తే సగటున 15.6 నెలలు, దీన్ని కలిపితే 20.3 నెలలు బతికారు. ఐదు నెలల కంటే కాస్త తక్కువ. మందుల పేర్లు చూసి ఎక్కువ ఊహించుకుంటాం కాబట్టి అంకె చెప్తున్నాను. మీ అమ్మకు ఆపరేషన్ చేయగలమంటున్నారంటే ఆ అవకాశం వదులుకోవద్దు. ఈ మందు మీద ఉన్నన్నాళ్లూ బీపీ చూపిస్తుండండి, పెరుగుతుంది. మూత్రంలో ప్రోటీన్ కూడా పరీక్షిస్తారు.

జెల్ విషయం: బావ ట్యూబు వాడకండి. పీడీజీఎఫ్ జెల్ ఎక్కువ ట్యూబులు వాడినవాళ్లలో క్యాన్సర్ చావులు పెరిగాయేమోనని 2008లో అమెరికాలో గట్టి హెచ్చరిక పెట్టారు. తర్వాత దాన్ని తీసేశారు. కాబట్టి జెల్ పూస్తే క్యాన్సర్ వస్తుందని నేననను. కానీ క్యాన్సర్ ఉన్న మనిషికి, పైగా నాళాలు ఆపే మందు ఎక్కుతున్న సమయంలో, క్యాన్సర్ డాక్టరును అడగకుండా గ్రోత్ ఫ్యాక్టర్ పూయడం నాకు నచ్చదు. పాదం పుండు ఉన్న సంగతి ఆయనకు తెలుసా? తెలియకపోతే ముందు అది చెప్పండి. ఆపరేషన్ తేదీ కంటే ఆ పుండే ఆయనకు ముఖ్యం కావచ్చు.

ప్రశ్న: ఏడాది కింద మోకాలు చెక్కుకుపోయింది. మానాక ఎర్రగా ఉండేది, ఇప్పుడు తెల్లబడింది. అక్కడ రక్తం ఆగిపోయిందా?
– కల్వకుర్తి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆగిపోలేదు, తగ్గింది. పుండు నిండేటప్పుడు అవసరానికి మించి నాళాలు పుడతాయి. నిండాక ఆక్సిజన్ దాహం తీరి కబురు ఆగుతుంది, చాలా నాళాలు రాలిపోతాయి, ఎరుపు పోతుంది. తెల్లబడటం మంచిదే. చుట్టూ స్పర్శ మామూలుగా ఉందా? ఉంటే డాక్టరు దగ్గరికి రావాల్సిన పని లేదు. లేకపోతే, లేదా మచ్చ దాటి తెలుపు పాకుతుంటే ఒకసారి చర్మం డాక్టరుకు చూపించండి. ఎండలో పని చేసేటప్పుడు మాత్రం మోకాలు కప్పుకోండి.